వేటయాత్రనుండి వనయాత్రకు

సఫారీ యనుమాట మన నవాబుపేట ప్రాంతపు పెద్దలకు క్రొత్తది కాదు. పెండ్లిలో అల్లునికి కుట్టించి పెట్టెడు పొట్టిచేతుల కోటుజతకు ఆ పేరు మన యూళ్లలో చిరకాలముగ చెల్లుచున్నది. ఆ జతకు ఆ పేరెట్లు వచ్చెనని విచారించినవారు మాత్రము అరుదు. అరబ్బీభాషలో సఫర్ అనగా ప్రయాణము. ఆ మాట ఉర్దూ ద్వారమున మనకు వచ్చి, నిజాముకాలపు కచేరీలలో సఫర్‌ఖర్చు రూపమున చెల్లినది. ఆ మాటయే అరబ్బు వర్తకుల నావలనెక్కి ఆఫ్రికా తూర్పుతీరమును చేరి, స్వాహిలీభాషలో సఫారీ యైనది. అచ్చటివారికి బంధువుల యింటికి పోవుటయు సఫారీయే. తెల్లదొరలు ఆ మాటను తీసికొని, వేటకు బోవు యాత్రయందు దానిని రూఢము చేసిరి. ఆ వేటకాండ్రు తొడిగిన జేబులచొక్కాయే కాలక్రమమున మన పెండ్లిపందిళ్లకు వచ్చి కూర్చున్నది.

నేడు ఆ మాటకు అర్థము మరల మాఱినది. తుపాకి పోయి కెమెరా వచ్చినది. మన పల్లెలనుండి అమెరికాకును గల్ఫు దేశములకును పోయిన బిడ్డలు తలిదండ్రులను కాశీకి పంపినట్లే ఆఫ్రికా వనములకును పంపెదమనుచున్నారు. పోవచ్చునా, పోయిన నెచ్చటికి పోవలెను, ఏ మాసమున పోవలెను అని పెద్దలు రచ్చబండకడ చర్చించుకొనుట సహజము. ఆ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు ముందు, ఈ యాత్ర ఎక్కడ పుట్టి యేవిధముగ పెరిగినదో తెలియుట మేలని నా యభిప్రాయము. అది తెలియక పోయినవారు సింహమును చూచివత్తురుగాని, ఆ సింహము అచ్చట నేల నిలిచియున్నదో, ఒకప్పుడచ్చట నున్న మనుష్యులేమైరో చూడకయే వత్తురు.

వేటయాత్రను మాన్పి దర్శనయాత్రను నెలకొల్పిన మొదటి ప్రభువు మనదేశమువాడే. కర్నూలు జిల్లాలోని ఎఱ్ఱగుడి బండలమీద అశోకచక్రవర్తి శాసనములు చెక్కబడి యున్నవి. అవి 1929 ప్రాంతమున పండితుల దృష్టికి వచ్చినవి. వానిలో ఎనిమిదవ శాసనపు తాత్పర్యమిది: పూర్వపు రాజులు విహారయాత్రలకు వెడలుచుండిరి, వానిలో వేట మొదలగు వినోదములుండెడివి, తాను పట్టాభిషిక్తుడైన పదియవ యేట సంబోధికి, అనగా బుద్ధగయకు పోయి, నాటినుండి ధర్మయాత్ర నారంభించెను. ఆ యాత్రలో చేయదగిన పనులనుగూడ రాజు చెప్పినాడు. బ్రాహ్మణులను శ్రమణులను దర్శించి దానములిచ్చుట, వృద్ధులను దర్శించి వారికి ధనమిచ్చుట, జానపదులను చూచి వారితో ధర్మమును గూర్చి మాటలాడుట. యాత్రికుడు తాను పోయిన దేశపు జనులకుగూడ ఋణపడియుండునను నీ భావమును జ్ఞప్తియందుంచుకొనుడు. దీనితో ముందు పనియున్నది.

అర్థశాస్త్రమున కౌటిల్యుడు రాజునకు రెండువిధములైన మృగవనములను విధించెను. ఒకటి రాజు విహారమునకు. దానికి ఒకటే ద్వారము, చుట్టును అగడ్త, లోపల తియ్యని పండ్లచెట్లు, ముండ్లులేని వృక్షములు, లోతులేని చెఱువు, మచ్చికచేసిన జింకలు, కోఱలును గోళ్లును తీసివేసిన క్రూరమృగములు. రెండవది దేశపు టెల్లయందు, సర్వమృగములును అతిథులుగ నుండునట్టిది. మొదటిదానిలో మృగము రాజునకు ఆటవస్తువు. రెండవదానిలో మృగమే అతిథి. నేటి జాతీయోద్యానములన్నియు ఈ రెండింటి నడుమ ఊగిసలాడుచున్నవని చెప్పిన తప్పుగాదు.

మన పొరుగుననే, కల్యాణనగరమున, నేటి బీదరుజిల్లా బసవకల్యాణమున, చాళుక్యప్రభువగు మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1129 ప్రాంతమున మానసోల్లాసమును రచించెను. అందులో రాజవినోదములయందు మృగయ యొకటి. చిత్రకములను మచ్చికచేసి కృష్ణసారములపై వదలు విధము అందు వర్ణితమైనది. ఆ చిత్రకమే హిందీలో చీతా యైనది. తెలుగువారము చీతాను, పొదలమాటున దాగు చిరుతపులిని ఒక్కపేరుతోనే పిలుచుట గొప్ప గందరగోళమునకు మూలము. చీతా సన్నని నడుము, పొడవైన కాళ్లు కలది. దాని కన్నుల కొలుకులనుండి మూతివఱకు కన్నీటిచారవలె నల్లనిగీత యుండును. మచ్చలు చిక్కని చుక్కలు. చిరుతపులి మచ్చలు పూవుఱేకులవలె గుంపుగ నుండును, కన్నీటిచార లేదు. ఆఫ్రికాకు పోవువారికి ఈ భేదము తెలిసియుండుట యవసరము. అచ్చట రెండును కనబడును. మనదేశపు చీతాలలో కడపటివానిగ చెప్పబడు మూడింటిని 1947లో కొరియా సంస్థానపు మహారాజు కాల్చెను. 1952లో ఆ జాతి మనదేశమున నశించినదని ప్రకటించిరి. డెబ్బదియేండ్ల తరువాత, 2022 సెప్టెంబరు 17వ తేదీన నమీబియానుండి 8, మఱుసటియేడు ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికానుండి 12 చీతాలను విమానములపై తెచ్చి మధ్యప్రదేశమునందలి కూనో వనమున విడిచిరి. వేయి చీతాలను పోషించెనని ప్రసిద్ధిగన్న అక్బరు ఏలిన దేశము వానిని ఆఫ్రికానుండి యాచింపవలసివచ్చినది.

ఇక మన నిజాము రాజ్యము. ఆఱవ నిజాము మహబూబలీఖాను, 1869నుండి 1911వఱకు ఏలినవాడు, పులివేటయందు మిక్కిలి ఆసక్తి కలవాడు. ఆయన వేటశిబిరములను రాజా దీన్‌దయాళు తీసిన ఛాయాచిత్రములు నేటికిని నిలిచియున్నవి. 1902లో వైస్రాయి కర్జనుప్రభువు మన రాజ్యమునకు వచ్చి వరంగల్లు ప్రాంతమున పులిని కాల్చి, భార్యతో కూడ దాని కళేబరముకడ నిలిచి చిత్రము తీయించుకొనెను. ఆ చిత్రములను చూచునపుడు నేను ముందువరుసలోని దొరలను గాక వెనుకవరుసను చూతును. మంచె కట్టినవాడెవడు? అడవిని మూడువైపుల చుట్టుముట్టి, డప్పులు కొట్టుచు పులిని తుపాకికెదురుగ తోలినవారెవరు? గుడారములు, నీళ్లు, గడ్డి, కోళ్లు చేర్చినవారెవరు? వెట్టిచాకిరి యన నేమో తెలిసిన తెలంగాణపు పెద్దలకు నేను వివరింపనక్కరలేదు. దొర శికారునకు వచ్చెనన్న ఊరికి పండుగ గాదు.

ఆ శికార్‌గాహులలో కొన్ని నేడు అభయారణ్యములైనవి. వనస్థలిపురపు హరిణవనస్థలి నిజాములు కృష్ణసారములను వేటాడిన భూమియే. మెదకు సీమలోని పోచారమును అట్టిదే. మన నవాబుపేటనుండి హైదరాబాదు పోవువారు చిలుకూరు బాలాజీని సేవించి, ప్రక్కనేయున్న మృగవని నెఱుగక మరలుచుందురు. అది జాతీయోద్యానమైనది. ఆఫ్రికాకు పోదలచినవారు ముందుగ ఒక తెల్లవాఱుజామున అచ్చటికి పోయి, మాటలాడక రెండుగంటలు కూర్చుండగలరేమో చూచుకొనవలెనని నా సలహా. అది చేతగానివారు లక్షలు వెచ్చించి సెరెంగెటీకి పోయినను జీపుచప్పుడు తప్ప మఱేమియు వినజాలరు.

ఆఫ్రికా మనకు మఱీ దూరపుబంధువు కాదు. అహమదునగరపు మలికంబరు ఇథియోపియాలో పుట్టినవాడు. వనపర్తి సంస్థానాధీశులు హబ్షీ సైనికుల దళమును పెంచి నిజామున కర్పించిరి, హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్సు పేటకు ఆ పేరు ఆఫ్రికా రౌతుదళమువలననే వచ్చినది. గోలకొండ నయాఖిల్లాలో ఏనుగంత మొదలుగల వృక్షమొకటి యున్నది; జనులు హాథియోంకా ఝాడ్ అందురు. అది ఆఫ్రికాలో పుట్టిన బావొబాబు జాతిది. టాంజానియాలోని తరంగిరె వనమున అట్టివి వందలు గలవు.

ఆ ఖండమున దొరల వేటకు త్రోవ తెఱచినది రైలు. ఆ రైలును వేసినది మన భారతీయుల చేతులు. 1896లో మొంబాసానుండి ఉగాండావైపు ఇనుపదారి నారంభించి, పనికై సుమారు 32,000 మందిని హిందూదేశమునుండి కొనిపోయిరి. వారిలో హెచ్చుమంది పంజాబువారు. సుమారు 2,500 మంది అచ్చటనే మడిసిరి. 1898లో త్సావో నదిపై వంతెన కట్టుచుండగా జూలులేని మగసింహములు రెండు, నెలలతరబడి రాత్రివేళల గుడారములలోనికి దూఱి కూలీలను ఈడ్చుకొని పోయినవి. పని నిలిచిపోయినది. ఆ డిసెంబరులో ప్యాటర్సను అను ఇంజనీరు వానిని చంపెను. ఆ సింహముల తోళ్లు 1924లో షికాగో నగరపు ప్రదర్శనశాలకు అమ్ముడుపోయి, కూరబడి, నేటికిని అచ్చట నిలిచియున్నవి. చనిపోయిన కూలీల పేర్లు సాధారణ యాత్రికుల కెవరును చెప్పరు.

ఆ రైలుమీదనే 1909లో, అమెరికా అధ్యక్షపదవి విడిచిన రూజ్‌వెల్టు, కుమారునితో వేటకు వచ్చెను. రెండువందలకు పైబడిన కూలీలు తలలమీద మూటలు మోసిరి. తండ్రికుమారులిరువురును కాల్చిన మృగములు 512. సింహము, చిరుత, ఏనుగు, ఖడ్గమృగము, కార్యెనుబోతు అను నైదింటికి వేటగాండ్రు 'పెద్దయైదు' అని పేరిడిరి. కాలినడకన వేటాడుటకు అవి మిక్కిలి ప్రమాదకరములనియే ఆ పేరు. నేడు యాత్రాసంస్థలవారు ఆ యైదింటిని తప్పక చూపెదమని ప్రకటనలిత్తురు. జిరాఫీకి, నీటియేనుగునకు అందు చోటులేకపోవుటకు కారణము తుపాకియేగాని అందము కాదు.

ఇంతకంటె విచిత్రమైనది పశురోగముయొక్క కథ. పశువులను పెంచినవారికిది వెంటనే బోధపడును. రిండర్‌పెస్టని వైద్యులు పిలుచునట్టి, మన మందలనుగూడ ఒకప్పుడు తుడిచిపెట్టిన మహారోగము, 1880 దశకపు చివర తూర్పు ఆఫ్రికాకు చేరినది. కొద్దియేండ్లలో మసాయీ జనుల ఆవులలో హెచ్చుభాగము చచ్చినది; అడవిలోని గిట్టలమృగములును కూలినవి. పాడిపశువే ప్రాణమైన మసాయీలకు ఘోరమైన కఱవు వచ్చినది. ఆ వెనుక వచ్చిన దొరలు జనములేని విశాలమైన బయళ్లను చూచి, ఇది మనుష్యుడెఱుగని ఆదిమారణ్యమని తలచిరి. అది అరణ్యముగాదు, శ్మశానము. తరువాతి కాలమున, 1950, 60 దశకములలో, చుట్టుపట్ల ఊళ్ల పశువులకు టీకాలు వేయగా రోగము తగ్గినది. సెరెంగెటీలో 1961లో సుమారు రెండున్నర లక్షలున్న గ్నూమృగములు 1977నాటికి పదుమూడు లక్షలు దాటినవి. నేడు లోకమెల్ల చూడబోవు ఆ మహాసంచారము ఆవులకు వేసిన సూదిమందు ఫలమనిన నమ్మువారు తక్కువ, కాని యథార్థమది. 2011లో ఆ రోగము భూమిమీద లేకుండపోయినదని ప్రకటించిరి.

వేట మితిమీఱగనే మృగములు తఱుగుట వేటగాండ్రకే తెలిసినది. దక్షిణాఫ్రికాలో 1898లో క్రూగరు అధ్యక్షుడు సాబీ నదీతీరమును రక్షితభూమిగ నేర్పఱచెను. 1926లో అది విస్తరింపబడి క్రూగరు జాతీయోద్యానమైనది. 1927లో మొదటిసారిగ యాత్రికుల మోటారుబండ్లు మూడు అందు ప్రవేశించినవి. అంతకుముందే 1925లో బెల్జియమువారు కాంగోలో ఒక ఉద్యానమును స్థాపించియుండిరి. నైరోబి ఉద్యానము 1946లోను, సెరెంగెటీ 1951లోను వెలసినవి. 1959లో గ్రజీమెకు అను జర్మను పండితుడును ఆయన కుమారుడు మిఖాయేలును చిన్నవిమానముపై తిరిగి సెరెంగెటీ మృగములను లెక్కించుచుండిరి. ఆ జనవరిలో రాబందు తగిలి విమానము కూలి కుమారుడు మరణించెను. తండ్రి పని మానక గ్రంథము వ్రాసెను, చలనచిత్రమును వెలువరించెను. సెరెంగెటీ పేరు లోకమున మ్రోగినది ఆ మీదటనే. 1977లో కెన్యా ప్రభుత్వము వేటను పూర్తిగ నిషేధించెను. మనదేశమున అట్టి వన్యప్రాణిరక్షణ చట్టము 1972లోనే వచ్చినది.

అయితే ఆ యేడే, 1959లో, సెరెంగెటీలోని మసాయీలను అచ్చటనుండి కదలించి ప్రక్కనున్న ఙొరొంగొరొకు పంపిరి. అచ్చట మృగములతో కలిసి నివసింపవచ్చునని మాటయిచ్చిరి. 2022నుండి ఆ ఙొరొంగొరొనుండియు వారిని దూరమునగల మ్సొమేరా గ్రామమునకు తరలించుచున్నారు. స్వచ్ఛందమని ప్రభుత్వమనుచున్నది, బలవంతమని మసాయీలు మొఱపెట్టుచున్నారు. క్రూగరులోను 1969లో మకులేకె జనులను వెడలగొట్టిరి. వారు వ్యాజ్యెమాడి 1998లో తమ భూమిని మరల సంపాదించిరి. భూమిని పొందియు దానిని దున్నక, ఉద్యానమునందే యుంచి, అందలి బసలనుండి వచ్చు ఆదాయమును అనుభవించుచున్నారు. మన అమ్రాబాదు అడవిలోని చెంచుల విషయమునను ఇట్టి వివాదమే యున్నది. అడవిపంది చేనును త్రవ్విన రాత్రి మనకు వచ్చు కోపమును, టిక్కెట్టుకొని జింకను చూచిన నాడు వచ్చు సంతోషమును ఒక్క త్రాసునందు తూచుట సులభము కాదు.

కావున యాత్ర సంకల్పించువాడు మొదట విచారింపవలసినది తానిచ్చు సొమ్ము ఎవరికి చేరుననునది. కెన్యాలో మసాయీమారా అభయారణ్యము ప్రక్కన మసాయీలు తమ భూములను కలిపి కౌలునకిచ్చిన రక్షితప్రదేశములున్నవి. అచ్చటి బసలవారు భూమిగలవారికి నెలనెల కౌలు చెల్లింతురు. వెల కొంచెమెక్కువ, బండ్ల రద్దీ తక్కువ. అశోకుడు చెప్పిన జానపదదర్శనమునకు నేటి కాలమున ఇదియే సమీపమని నాకు తోచుచున్నది.

రెండవది దేశముయొక్క ఎంపిక. గ్నూమృగముల సంచారము చూడగోరినచో టాంజానియా, కెన్యాలు తప్ప వేఱుదారి లేదు. అవి వానల వెంట, పచ్చగడ్డి వెంట, ఏడాదిపొడుగున చుట్టుతిరుగుచుండును. ఫిబ్రవరి ప్రాంతమున సెరెంగెటీ దక్షిణపు బయళ్లలో ఈనును. జూలైనుండి అక్టోబరులోపల మారానదిని దాటును, మొసళ్లు కాచుకొని యుండును. సెరెంగెటీ 14,763 చదరపు కిలోమీటర్లు. మన వికారాబాదుజిల్లాకు నాలుగింతలకు మించినది. అంతటి భూమిలో మృగములు ఏ మూలనుండునో ముందుగ తెలియక తప్పు మాసమున పోయినవాడు గడ్డిని చూచి వచ్చును. మసాయీమారాలో 2024నుండి విదేశీయులకు ప్రవేశరుసుము జనవరినుండి జూన్‌వఱకు దినమునకు 100 డాలర్లు, జూలైనుండి డిసెంబరువఱకు 200 డాలర్లు చేసిరి. నది దాటుట చూచుటకంటె దూడలు పుట్టుట చూచుట చవుకయని గ్రహింపవచ్చును.

అరువది దాటినవారికి నేను క్రూగరునే ముందుగ చెప్పుదును. జిల్లాకు అయిదింతలు మించిన ఆ వనమున మంచి తారురోడ్లు కలవు. స్వంతముగ బండి నడుపుకొనవచ్చును, గంటకు 50 కిలోమీటర్లు మించరాదు, బండి దిగరాదు. జూన్ మొదలు సెప్టెంబరువఱకు అచ్చట చలికాలము, వానలుండవు; ఆకులు రాలి గడ్డి పలుచబడి మృగములు నీటిమడుగులకు చేరును, దోమలును తక్కువ. తెల్లవాఱుజామున చలి మిక్కుటము. ఆఫ్రికా యనిన ఎండయనుకొని కంబళి విడిచి పోరాదు. మనవారిని చూడగోరినచో అచ్చటినుండి డర్బనుకు పోవచ్చును. 1860 నవంబరు 16వ తేదీన మదరాసునుండి చెఱకుతోటల కూలీలతో మొదటి ఓడ ఆ రేవు చేరినది. ఆ తరువాత వచ్చినవారిలో తెలుగువారు వేలకొలది. వారు 1931లో ఆంధ్రమహాసభను స్థాపించుకొనిరి. ఆ తోటలకు ఉత్తరమున, హ్లుహ్లువె, ఉంఫొలోజి వనములు 1895లోనే రక్షితములైనవి. తెల్ల ఖడ్గమృగజాతి అంతరింపక నిలిచినది అచ్చటనే. వర్ణభేదపు ప్రభుత్వమున్నన్నాళ్లు అచ్చటి ఉద్యానముల మంచి బసలు తెల్లవారికి ప్రత్యేకింపబడియుండెను. చెఱకు నఱికినవారి మనుమలకు అవి తెఱచుకొని ఎంతోకాలము కాలేదు.

సామానును గూర్చి రెండుమాటలు. వనములోనికి చిన్నవిమానమున పోవువారికి సామాన్యముగ 15 కిలోలకు మించి ఒప్పుకొనరు. గట్టిపెట్టెలు పనికిరావు, మెత్తనిసంచులే కావలెను. ముదురునీలి, నల్లని బట్టలకు త్సెత్సె యను కుట్టుడుఈగ మూగును. మన తెల్లపంచెలు దుమ్ముకు ఆగవు. మట్టిరంగు బట్టలే మేలు. కెన్యా 2017లోను, టాంజానియా 2019లోను ప్లాస్టిక్కు సంచులను నిషేధించినవి. ఆవకాయను కవరులో కట్టియిచ్చు కోడండ్రకు ఈ సంగతి ముందే చెప్పవలెను. సీసాలోనో డబ్బాలోనో పెట్టవలెను. శాకాహారులకు భయములేదు; నైరోబిలో గుజరాతీలు తరతరములుగ భోజనశాలలు నడుపుచున్నారు.

మందుల విషయము బిడ్డలకు విడువక పెద్దలు స్వయముగ కనుగొనవలెను. మలేరియా మాత్రలు రెండుచోట్లకును వైద్యుని అడిగి తీసికొనవలెను. కెన్యా, ఉగాండాలకు పోయి వచ్చువారు పచ్చజ్వరపు టీకా వేసికొన్నట్లు పత్రము చూపనిదే మనదేశమున అడుగిడనీయరు. ఆఱుదినములవఱకు వేఱుగ నుంచు అధికారము వారికి కలదు. ఆ టీకా హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ నందు వేయుదురు. ప్రయాణమునకు పదిదినములకు తక్కువగాకుండ ముందు వేసికొన్ననే పత్రము చెల్లును. 2016నుండి ఒకసారి వేసికొన్న టీకా జీవితాంతము చెల్లునని నియమము. అరువదియేండ్లు దాటి మొదటిసారి వేసికొనువారికి అరుదుగనైనను తీవ్రమైన వికారములు కలుగు నవకాశము హెచ్చు. కావున టీకా వేయువానితో వయస్సును, ఉన్న రోగములను, తినుచున్న మందులను దాచక చెప్పవలెను. క్రూగరునకు మనదేశమునుండి నేరుగ పోయి నేరుగ వచ్చువారికి ఈ టీకాతో పనిలేదు. నడుమ నైరోబిలో విమానము మాఱుదురేని, అచ్చట నిలుచు గంటలను బట్టి నియమము మాఱును. చీట్లు కొనకముందే దానిని విచారించుకొనవలెను.